కిరీటాల పేజీకి తొమ్మిదిసార్లు

సోమవారం పొద్దున ఫిలింనగర్‌లో షట్టరెత్తుతూ ఓదెలు అనుకున్నది చాలా చిన్న పని: టీ తాగాలి, పోలీసు డ్రస్సులు ఇస్త్రీకి పంపాలి. సినిమావాళ్లకు వేషాలు కిరాయికిచ్చే దుకాణం అది. ఈ నెలలో ఒక్క పెద్ద ఆర్డరన్నా రాకపోతే తాళాలు తన తమ్ముడికిచ్చి కర్రీ పాయింటు పెట్టిస్తానని భార్య భూలక్ష్మి ఖరాఖండిగా చెప్పేసింది.

టీ చల్లారకముందే కూతురు మనోజ ఫోను పట్టుకుని వచ్చింది. బంజారా హిల్స్‌లో మార్కెటింగ్ ఉద్యోగం ఆమెది. దుకాణానికి వెబ్‌సైటు పెట్టిందీ, దాన్ని ఎందరు చూశారో, ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారో తెలిసే ఏర్పాటు చేసిందీ ఆమే.

"బాపూ, గిది జూడు. ఒక్కడే మనిషి తొమ్మిదిసార్లొచ్చిండు. వచ్చినప్పుడల్ల కిరీటాల పేజీనే. నిన్న నలభై నిమిషాలు గాడనే ఉన్నడు."

"ఎవడే వాడు? పేరేంది?"

"పేరు రాదు. చూస్తుండు గని ఫోన్ జేస్తలేడు. అంటే మన పేజీల ఏదో తక్కువైంది. మంచి ఫొటోలు పెడ్త, ఫోన్ నంబరు, అడ్రసు అన్ని పేజీల పైకి తెస్త. వాడే చేస్తడు. నువ్వు జర ఎవ్వలకు చెప్పకు, చాలు."

ఫిలింనగర్‌లో రహస్యం దాచడమంటే జల్లెడతో నీళ్లు మోయడమే. నలభై నిమిషాలు కిరీటాలు చూసేవాడు ఊరికే చూడడు, పౌరాణికం తీస్తున్నాడని ఓదెలు తేల్చుకున్నాడు. మధ్యాహ్నానికి ఆ రహస్యంతో కడుపు ఉబ్బింది. గుర్రాలు కిరాయికిచ్చే పోచయ్య ఒక్కడికే, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. నమ్మకం కుదరడానికి ఆ పేజీ లింకు కూడా పంపాడు.

పోచయ్య ఒట్టు తప్పే మనిషి కాదు. నోటితో ఎవరికీ చెప్పలేదు. లింకును జూనియర్ ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడంతే.

బుధవారానికి కిరీటాల పేజీని ఆరువందల పన్నెండుమంది చూశారు. ఓదెలుకు కాళ్లు నేలమీద ఆగలేదు.

"భూలక్ష్మీ! ఒక్క సినిమా కంపెనీ గాదే, నాలుగు కంపెనీలు!"

"నాలుగని ఎట్ల లెక్కగట్టినవయ్యా?"

"ఆర్నూర్ల మంది జూస్తుంటే నాలుగన్న ఉండవా?"

ఆ మాట టీకొట్ల మీదుగా జూబ్లీహిల్స్ ఎక్కేసరికి నాలుగు పౌరాణికాలకు ముహూర్తాలు కూడా కుదిరిపోయాయి. విన్నవాళ్లంతా నిజమా అని పేజీ తెరిచారు. అంకె పెరిగింది. అంకె పెరిగినకొద్దీ ఓదెలు ధీమా పెరిగింది.

గురువారం సీరియల్‌వాళ్లు వచ్చి పోలీసు డ్రస్సులు కిరాయికి అడిగారు. "పోలీసుల జమానా పోయింది, ఇగ రాజులదే. కావాల్నంటే మొత్తం కొనుక్కపోండ్రి" అని బీరువాలకు బీరువాలే అగ్గువ ధరకు అమ్మేసి, ఆ పైసలతో ఇంకో ముప్పై కిరీటాలు తెచ్చాడు.

శుక్రవారం సంగతి తెలిసి మనోజ నెత్తి కొట్టుకుంది.

"బాపూ! ఎవడు ఏ దారిన వచ్చిండో గూడ ఈ ఫోన్ల తెలుస్తది. వీళ్లంత ఒక్క వాట్సాప్ లింకు నుంచే వచ్చిండ్రు. అందరు మనోళ్లే! వాళ్లు కిరీటాలు జూస్తలేరు, నువ్వు లేపిన ముచ్చట నిజమేనా అని జూస్తుండ్రు."

"మరి ఆ తొమ్మిదిసార్లోడు?"

"వాడు మంగళవారం నుంచి ఆ పేజీ దిక్కే వస్తలేడు."

అంతలో దుకాణం ముందు కారాగింది. తెల్లచొక్కా ఆసామి దిగాడు.

"ఓదెలు గారంటే మీరేనాండీ? నా పేరు మల్లికార్జున్, సినిమాలు తీస్తుంటాను. మీ కిరీటాల పేజీ తొమ్మిదిసార్లు చూశానంటే నమ్మండి."

ఓదెలు భుజంమీది తువ్వాలుతో కుర్చీ తుడిచాడు. "కూసోండ్రి సార్! ఎన్ని గావాలె?"

"ఇంకెక్కడి కిరీటాలండీ! ఊళ్లో నాలుగు పౌరాణికాలు మొదలవుతున్నాయంటగా. ఐదోది ఎవడు చూస్తాడు? భయమేసి కథ మార్పించేశాను."

"మార్పిచ్చి...?"

"పోలీసు కథండీ. ఎనభై డ్రస్సులు కావాలి. మీ పోలీసు డ్రస్సుల పేజీ పైనే నంబరూ అడ్రసూ కనిపించాయి కదా అని నేరుగా వచ్చేశాను."

ఓదెలు ఖాళీ బీరువాల వైపు చూసి, కిరీటాల డబ్బా ముందుకు జరిపాడు. "రాజుల కథల గూడ పోలీసుల లెక్క భటులుంటరు గద సార్..."

కారు వెళ్లిపోయింది. లోపలి నుంచి అంతా విన్న భూలక్ష్మి ఫోను తీసింది. "తమ్మీ, రేపొచ్చి పొయ్యిలకు కొలతలు తీస్కపో." మనోజ తల పట్టుకుని కొత్త కిరీటాల డబ్బామీద కూలబడింది.

ఓదెలు మాత్రం పోచయ్యకు ఫోన్ చేశాడు. "నే ముందే జెప్పలే, వాడు నిర్మాతే అని!"