గార వదిలించిన అల్లుడు

ఆ సెలవు రోజు పొద్దున డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు కళ్ళజోడు మార్పించుకోవడానికి తెల్లవారగానే బస్సెక్కారు. మధ్యాహ్నం దాకా రారు. ఈలోగా పెరట్లో మూత బిగించేసిన బావి మీది చేతిపంపు విప్పి, లోపల పట్టిన గార వదిలించి, మళ్ళీ బిగించేయాలి. అంతే. నెల రోజులుగా వంద సార్లు కొట్టినా ఆ పంపు ఒక్క బిందె నింపడం లేదు.

పథకం చిన్నదే గాని ఆ ఇంట్లో అంతకు మించిన సాహసం మరొకటి లేదు. ముప్ఫై ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మామగారిని వీధి వీధంతా ఇంజనీరుగారనే పిలుస్తుంది. పంపు మొరాయించినప్పుడల్లా ఆయన పానా పట్టుకుని ఒక్కరే పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. టంగు టంగుమని నాలుగు దెబ్బలు వినిపించేవి. ఎలాగో నీళ్ళు వచ్చేవి. ఇల్లరికం వచ్చి ఎనిమిదేళ్ళయినా మాస్టారికి ఆ పానా ముట్టుకునే భాగ్యం కలగలేదు. "నీవి కుంచె పట్టే చేతులు బాబూ, ఇది ఇనుము" అనేవారు మామగారు, నవ్వుతూనే. ఆ నవ్వుకి మాస్టారికి ఒళ్ళు మండిపోయేది. చచ్చేలోగా ఒక్కసారైనా ఈయన చేత పనిమంతుడు అనిపించుకోవాలి!

"నాన్నకి తెలిస్తే ఊరుకోరండీ" అంది భార్య.

"ఆయన వచ్చేసరికి నీళ్ళు ధారగా పడుతుంటే ఏమంటారు?"

"పడకపోతే ఏమంటారో అది ఆలోచించండి ముందు."

అడుగు నట్టు దగ్గర మాస్టారికి గంట పట్టింది. ఎవరో పగబట్టి బిగించినట్టుంది అది. చివరికి కీచుమని అరిచి కదిలింది. పంపు రెండు ముక్కలుగా విడిపోయింది. మాస్టారు లోపలికి తొంగి చూసి, చేతిలో పానా ఉన్న సంగతే మరిచిపోయారు.

లోపల ఇనుము లేదు. అంతా తెల్లటి రాయి. పొర మీద పొర, పొర మీద పొర. ఒకటి పాల రంగు, ఒకటి తేనె రంగు, మధ్యలో వెంట్రుక వాసి ఎర్ర గీత. ఇంత చక్కటి గీత ఆయన పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ గీయలేదు. చెయ్యి లేదు, కుంచె లేదు, చూసేవాడు లేడు. చీకట్లో కూర్చుని నీళ్ళు ఇంత పని చేశాయా? చూద్దామని వచ్చిన భార్య కూడా గొంతు తగ్గించింది.

"ఇన్నేళ్ళూ మనం తాగింది ఇదేనా అండీ?"

"ఇందులో మిగిలింది తాగాం" అన్నారు మాస్టారు.

కరిగించాలంటే మనసొప్పలేదు. కానీ నీళ్ళు రావాలి కదా. మాస్టారు కిరాణా కొట్లో ఉన్న నిమ్మ ఉప్పంతా తెచ్చారు. పంపు మునిగే గిన్నె కావాలి. కొట్టుగదిలో చిలుము పట్టి పడి ఉన్న అత్తగారి రాగి కాగు కనిపించింది. వేడినీళ్ళు పోసి, నిమ్మ ఉప్పు కలిపి, పంపుని అందులో దించారు. బుస్సుమని నురగ పొంగింది.

ఆ చప్పుడికి అత్తగారు పరిగెత్తుకొచ్చారు. "అయ్యో అయ్యో, నా కాగు! మా అమ్మ ఇచ్చిన కాగులో తుప్పు నానబెడతారా బాబూ?" అని నోరు చేసుకోబోయి చటుక్కున ఆగిపోయారు. నురగ తాకినంత మేరా నల్లటి చిలుము పోయి, ఉదయించే సూర్యుడి రంగు తేలింది. ఆవిడ వేలితో తడిమి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ రంగు నేను ఎనిమిదేళ్ళ పిల్లనప్పుడు చూశాను" అన్నారు. ఆ మరుక్షణమే ఇంట్లోకి వెళ్ళి ఇత్తడి చెంబులూ, పళ్ళేలూ చేతుల నిండా పట్టుకొచ్చారు.

గోడ మీంచి పక్కింటి టైలరమ్మ చూసింది. "పిన్నిగారూ, ఇదేం మాయ!"

"మా అల్లుడుగారు కనిపెట్టారు" అన్నారు అత్తగారు గర్వంగా.

"కనిపెట్టలేదండీ, అది కొట్లో దొరికే..." అని మాస్టారు నసిగారు. ఎవరు విన్నారు గనక? టైలరమ్మ పక్కవాళ్ళకి మాస్టారు పొడి కనిపెట్టారని చెప్పింది. వాళ్ళు ఆ పక్కవాళ్ళకి మధ్యాహ్నం దాకా ఉచితమని చెప్పారు. ఇంకో రెండిళ్ళు దాటేసరికి ఇంజనీరుగారు పెరట్లో పాలిషు కార్ఖానా తెరిచారని తేలింది. పదకొండు గంటలకల్లా వీధిలోని బిందెలన్నీ మాస్టారి పెరట్లో బారులు తీరాయి. వచ్చిన ప్రతివాళ్ళూ తమ చెంబు నల్లగా మునిగి బంగారంలా పైకి రావడం చూసి, నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

"ఇప్పుడు వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి, లేకపోతే మచ్చలు పడతాయి" అన్నారు మాస్టారు.

"నీళ్ళేవి?" అంది భార్య.

అందరూ కాగులోకి చూశారు. నీళ్ళిచ్చే పంపు అందులోనే ఉంది.

 మాస్టారు గబగబా పంపుని పైకి తీసి, బావి మీద బిగించి, దేవుడా అనుకుంటూ కొట్టడం మొదలుపెట్టారు. పదోసారికి లోపల గుడగుడమంది. మూతిలోంచి చుక్క రాలేదు. పంపు ఒంటినిండా ఉన్న చిల్లుల్లోంచి ఒక్కసారిగా ముప్ఫై ధారలు నలుదిక్కులా ఎగిశాయి. ఇనుము ఎప్పుడో తుప్పు తినేసింది. ఇన్నాళ్ళూ పంపుగా నిలబడింది ఆ గారే.

ఎండలో ఆ ధారలు మెరుస్తుంటే మాస్టారు ఆపకుండా కొడుతూనే ఉన్నారు. తర్వాత టైలరమ్మ తన బిందె తీసుకెళ్ళి ఒక ధార కింద పెట్టింది. మిగతావాళ్ళూ తలో ధారా పంచుకున్నారు. తోపులాట లేదు, వరస లేదు, ఎవరి ధార వాళ్ళది. సరిగ్గా అప్పుడే కొత్త కళ్ళజోడుతో మామగారు గుమ్మంలోకి వచ్చారు.

 మామగారు తడుస్తూనే పంపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వంగి అడుగు నట్టు చూశారు. తర్వాత అల్లుడి భుజం పట్టుకుని కొట్టుగది వెనక్కి తీసుకెళ్ళారు.

"అడుగు నట్టు విప్పావా?"

"విప్పానండీ. తప్పయిపోయింది మామయ్యా."

"ఎటు తిప్పావు?"

"ఎడమకండీ."

"ఎడమకా!" ఆయన ముఖంలో భయమూ భక్తీ కలిసి కనిపించాయి. "ముప్ఫై ఏళ్ళుగా కుడికే తిప్పుతున్నాను బాబూ. తిప్పినకొద్దీ బిగుసుకునేది."

మాస్టారు చేతిలోని పానా వైపు చూసుకున్నారు.

"వర్క్‌షాపులో నాది పానాలు ఇచ్చే గది" అన్నారు మామగారు గొంతు తగ్గించి. "పొద్దున ఇవ్వడం, సాయంత్రం తీసి పెట్టుకోవడం. అక్కడ ఏనాడూ తిప్పింది లేదు. ఎవరో ఇంజనీరన్నారు, కాదనలేకపోయాను. అందుకే నిన్ను దగ్గరికి రానివ్వలేదు. నాకు విప్పడం తెలీదని నీకు తెలిసిపోతుందని. నిజమైన పనిమంతుడివి నువ్వయ్యా."

ఎనిమిదేళ్ళు కాచుకున్న మాట అది. తీరా విన్నాక మాస్టారికి ఆయన మీద జాలీ, ప్రేమా ముంచుకొచ్చాయి.

ఇద్దరూ బయటికి వచ్చారు. వీధంతా ఇంజనీరుగారి తీర్పు కోసం ఎదురుచూస్తోంది. మామగారు కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఈ పంపు పనైపోయిందని ఎప్పుడో కనిపెట్టాను. ఎలా విప్పాలో మావాడికి నేనే నేర్పాను" అన్నారు.

పెద్దల మాట కాదనే అలవాటు మాస్టారికి లేదు.