మా గిడ్డంగికి విదేశీ దొంగలు

గురజాల దారిలో ఉన్న మా రైతుల సహకార శీతల గిడ్డంగిలో విదేశీ దొంగలు పడ్డారని సగర్వంగా తెలియజేస్తున్నాం. ఇన్నాళ్లూ ఇలాంటి గౌరవం మహానగరాల బ్యాంకులకే దక్కేది. పల్నాటి మిరప బస్తాల దాకా వాళ్ల చూపు వచ్చిందంటే అదంతా అధ్యక్షులు చెన్నకేశవరావు గారి హయాం మహిమే.

దొంగలకు ఏ లోటూ రానివ్వలేదు. కొత్త కంప్యూటర్ ప్రారంభోత్సవం నాడు అధ్యక్షులవారు దాని ముందు కూర్చుని ఫొటో దిగారు. మర్చిపోతామేమోనని గుమాస్తా ప్రభు పాస్‌వర్డ్‌ను కాగితం ముక్క మీద రాసి తెరకు అంటించి ఉంచాడు. ఆ ఫొటోతోనే పన్నెండడుగుల ఫ్లెక్సీ వేయించారు. "ఇక ఇంటి నుంచే గిడ్డంగి నిర్వహణ" అంటూ వెబ్‌సైట్ చిరునామా కూడా ఇచ్చారు. ఫ్లెక్సీ కొట్టినతను శ్రద్ధ గలవాడు. కాగితం మీది అక్షరాలు మసగ్గా ఉన్నాయని స్పష్టంగా దిద్దాడు. అది వాట్సాప్‌లో ఊళ్లు తిరిగి దేశాలు దాటింది. వారం తిరక్కుండా కంప్యూటర్లోని గిడ్డంగి లెక్కలన్నిటికీ దొంగల తాళం పడింది. తీయాలంటే ఎనిమిది లక్షలు అడిగారు.

లెక్కల నకలు వేరేచోట దాచుకుందామని, ఏడాదికి ఆరువేలవుతుందని ప్రభు అంతకుముందే అడిగాడు. దుబారా అని పాలకవర్గం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఏకగ్రీవం అక్కడితో సరి. ఇప్పుడు అధ్యక్షుల వర్గం హైదరాబాద్ నుంచి ఒక నిపుణుణ్ని కార్లో రప్పించింది. వాళ్లు తెచ్చినవాణ్ని నమ్మేదేమిటని ఉపాధ్యక్షుల వర్గం విజయవాడ నుంచి మరొకర్ని దించింది. ఒకరు విప్పిందల్లా ఇంకొకరు బిగించారు. ఇద్దరికీ నరసరావుపేటలో ఏసీ గదులు, పూటపూటకీ నాటుకోడి.

ఈ నెల్లాళ్లూ ఒక్క బస్తా బయటికి కదల్లేదు. రెంటచింతల ఆరోగ్యమ్మ మాత్రం రోజూ బస్సెక్కి వచ్చేది. ఆమెవి ముప్పై బస్తాలు. అవి అమ్మితేనే కూతురు చిన్నారి నర్సింగ్ సీటుకు ఫీజు. ఇరవయ్యో తేదీ గడువు.

"ఏందయ్యా ఇది, నా బస్తాలు ఆడ కనపడతానే ఉన్నయిగా! పచ్చదారంతో నేనే కుట్టుకున్నా," అంది.

"అమ్మా, నువ్వు గుర్తుపడితే చాలదు. కంప్యూటర్ గుర్తుపట్టాల," అన్నారు అధ్యక్షులు. ఆధునికత అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

ఇరవయ్యో తేదీ వెళ్లిపోయింది. నిపుణుల ఖర్చు పదకొండు లక్షలు దాటాక రెండు వర్గాలూ రాజీపడి, దొంగలడిగిన ఎనిమిది లక్షలూ వాళ్లకే కట్టాయి. ఈ మొత్తం వ్యవహారంలో మాట మీద నిలబడింది వాళ్లొక్కరే. గంటలో తాళం తీశారు.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివారు. సంస్థకు నష్టం పందొమ్మిది లక్షలు. రైతులకు నష్టం లేదు, బస్తాలన్నీ భద్రం. విదేశీ శక్తులను ఎదిరించినందుకు అధ్యక్షులవారికి శాలువా కప్పారు.

ఆరోగ్యమ్మ లేచింది. "మా పిల్ల సీటు పోయిందయ్యా. అది ఏ ఖాతాలో రాశారు?"

అధ్యక్షులవారికి జవాబు చెప్పే అవసరం రానివ్వలేదు. ఆమెను కూర్చోమని అరిచింది మేమే, తోటి రైతులం. అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి మరి.