మచ్చలేని కాలనీ

“పెరట్లో నీడకి ఫెర్న్ పెట్టాను” అని వదిన అంటే, కాలనీ సంఘం అధ్యక్షులవారికి ఫ్యాను అని వినిపించింది.

“పెరట్లో ఫ్యానేంటి వదినా! గాలికేం కరువొచ్చింది?”

“మీ చెవుల్లో తిరిగే ఆ హోరు తగ్గితే వినబడుతుంది మరిదిగారూ. ఫెర్న్! చిన్న మొక్క. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది.”

‘ఏడాది పొడుగునా పచ్చగా’ అన్నది మాత్రం ఆయనకు స్పష్టంగానే వినిపించింది. పచ్చదనం కప్పును ఏటా పక్క కాలనీ ఎత్తుకుపోతోంది. ఈసారి కప్పు రాకపోతే కుర్చీ దిగుతానని ఆయన నిండు సభలో నోరు జారారు. ఆ కప్పు రాకుంటే పరువుకున్న కప్పు కాస్తా ఎగిరిపోతుంది.

మొక్క వంటింటి గోడకూ ప్రహరీకీ మధ్య, సూర్యుడు కూడా తొంగిచూడని సందులో ఉంది. వదిన దానికి చేసిన సేవ ఏమీ లేదు. మట్టి ఆరితే ఇన్ని నీళ్లు చిలకరించి, దాని మానాన దాన్ని వదిలేసేది. ఎవరి అనుమతీ లేకుండా అది అలా పెరిగిపోవడం సంఘానికి బాధ్యతారాహిత్యంగా తోచింది. వెంటనే అభివృద్ధి ఉపసంఘం ఏర్పడింది. మొక్క కంటే పెద్ద బోర్డు పాతారు. “నీడలో పెరిగినా నీతిగా పెరిగిన మొక్క!” అంటూ అధ్యక్షులవారు గంభీరంగా ప్రసంగించారు. చివరిదాకా కదలకుండా విన్నది మొక్క ఒక్కటే.

అంతలో కోశాధికారి ఓ ఆకు తిప్పి చూసి కెవ్వుమన్నారు. అడుగున గోధుమరంగు మచ్చలు! నడి ఈనెకు అటూ ఇటూ బారులు తీరి, బడిపిల్లల్లా ఎడం పాటించి నిలబడ్డాయి. ఇంత క్రమశిక్షణ గల తెగులును సంఘం ఎన్నడూ ఎరగదు.

“పుట్టుమచ్చలేమో, వదిలేయండి” అంది వదిన.

“పోటీ ముందు మచ్చలా వదినా? మనది మచ్చలేని కాలనీ!”

ఇంటికొకరు తడిగుడ్డతో తరలివచ్చారు. మొండి మచ్చలకు పళ్లు తోమే బ్రష్షు వాడారు. అప్పటికీ పోకపోతే ఆకునే కోసేశారు. సాయంత్రానికి మొక్క నిగనిగలాడింది, మిగిలినంత మేరకు.

న్యాయనిర్ణేతగా వచ్చిన వృక్షశాస్త్రం మేడమ్ ఆ నాలుగాకులూ తిప్పి తిప్పి చూశారు. “దీని బొట్లు ఏమయ్యాయండీ?”

“ఒక్క బొట్టు మిగిలితే ఒట్టు!” అన్నారు అధ్యక్షులవారు.

మేడమ్ అందరికీ విడమర్చి చెప్పారు. ఈ మొక్క పూయదు, కాయదు. ఆ మచ్చల్లోంచి రాలే పొడితోనే దాని వంశం నిలుస్తుంది. “మీరు తుడిచింది తెగుల్ని కాదండీ, దాని సంతానాన్ని.”

కప్పు పక్క కాలనీకే పోయింది. అక్కడి సంఘం ఏడాదంతా తమలో తాము కొట్టుకుంటూ తోట వైపే వెళ్లలేదట.

ఆడిన మాట ప్రకారం అధ్యక్షులవారు సభ పిలిచారు. “ఇంత ముఖ్యమైన విషయం మొక్క ముందే మనకు తెలియజేయాల్సింది. అయినా తప్పంతా నాదే అనేవాళ్లు చేతులెత్తండి!”

సభ్యులంతా ఎవరి అరచేతులు వాళ్లు చూసుకున్నారు. ఆ హాల్లో తడిగుడ్డ పట్టని చెయ్యి ఒక్కటే ఉంది. అదొక్కటే లేచింది.

“వదినకు మంచినీళ్లు కావాలట, ఎవరైనా చూడండి” అన్నారు అధ్యక్షులవారు, కుర్చీలో సర్దుకు కూర్చుంటూ.