పేలకు పెట్టిన పేరు

పెందలాడే ఆఫీసుకు వెళ్ళి, డైరెక్టరుకు తన కంప్యూటరు నమూనా చూపించి, ఇవాళే ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలని లెక్కలాయన ప్లాను. ఆ చేపల పరిశోధన ఆఫీసులో పర్మనెంటు కానివాడు ఆయనొక్కడే.

చెరువులో చేపలు, వాటి రక్తం పీల్చే పేలు. ఏవి పెరిగితే ఏవి ఎంత తగ్గుతాయో నమూనా గీత గీసి చూపిస్తుంది. రాసుకునే వీలుకోసం ప్రోగ్రాములో చేపలకు "నేను" అనీ, పేలకు "బావమరిది" అనీ పేర్లు పెట్టుకున్నాడు. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన బావమరిది హాల్లో సోఫాకే అతుక్కుపోయాడు మరి. గ్రాఫు మీదా ఆ పేర్లే పడతాయి. చివర్లో మార్చాలనుకుని మరిచిపోయాడు. చదువుకున్నవాడి మతిమరుపుకు మందు లేదు.

బ్యాంకు ఉద్యోగానికి బయల్దేరుతూ భార్య తెర వైపు చూసింది.

"బావమరిది సున్నా అయితే నేను మూడింతలు... ఏంటండీ ఇది?"

"అవి చేపలూ, వాటి పేలూనే!"

"మా తమ్ముడు చేపకు పట్టిన పేనా? మీ రక్తం తాగేది వాడా, మీ డైరెక్టరా? ఆయన్ని పెట్టండి! నా కళ్ళముందే పెట్టండి!"

పెళ్ళాం నెత్తిన నిలబడితే ఏ శాస్త్రజ్ఞుడికైనా వేళ్ళు వాటంతటవే కదులుతాయి. పెట్టాడు. ఆఫీసుకెళ్ళాక మార్చేద్దామనుకున్నాడు. తీరా వెళ్తే, గుమ్మంలోనే డైరెక్టరు చెయ్యి పట్టుకుని మీటింగు హాల్లోకి లాక్కుపోయాడు.

తెరమీద ఎర్రగీత లేచింది. కింద పెద్ద అక్షరాలు: "డైరెక్టరు సున్నా అయితే నేను మూడింతలు."

వెనక వరసలో ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు డైరెక్టరు.

లెక్కలాయన తెరకు అడ్డంపడ్డాడు. "పేర్లు తారుమారయ్యాయి సార్! చేప మీరు. పేలం మేమే!"

డైరెక్టరు మొహం విప్పారింది. "ఇన్నాళ్ళకు ఒక్కడు నిజం చెప్పాడు! అందరూ కలిసి నన్ను పీల్చేస్తున్నారు. అయితే ఏ పేలను ముందు తీసెయ్యాలంటావ్?"

గండం గడిచిందన్న సంబరంలో లెక్కలాయన పాఠం మొదలుపెట్టాడు. "గట్టిగా అతుక్కున్నవి ఊడవు సార్. ఇంకా అతుక్కోనివాటిని దులపాలి. ఇట్టే రాలిపోతాయి."

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందంటారు. ఈ పేను తన తలే గొరుక్కుంది. డైరెక్టరు ఆ మధ్యాహ్నమే నమూనాను అమలు చేశాడు.

లెక్కలాయన ఇంటికొచ్చేసరికి బావమరిది కాళ్ళు ముడుచుకుని సోఫాలో చోటిచ్చాడు. "రండి బావా. మొదట్లో కాస్త నడుం పట్టేస్తుంది. తర్వాత అలవాటైపోతుంది."

సాయంత్రం బ్యాంకునుంచి వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది.

నమూనా ప్రకారం, ఆ ఇంట్లో ఇక చేప ఒక్కటే.