దోన్ ఫెర్నాన్ ఊయల

ఆ ఉదయం విల్బెర్త్ వేసుకున్న పథకం చాలా చిన్నది. దోన్యా ఎల్సీ ఇంటికి వెళ్ళాలి, ఆవిడ చూడకుండా ఏసీ వేయాలి, చల్లదనం తగిలి ఆవిడ మనసు మెత్తబడ్డాక అరిటాకులో ఉడికిన తమాల్ ఒకటి తిని వచ్చేయాలి. మెరిదా నగరంలో గొప్పవాళ్ళ ఇళ్ళకు చల్లగాలి అమర్చడంలో అతనికి మంచి పేరు. యంత్రం కంటికి కనపడదు, చెవికి వినపడదు. గోడకూ కప్పుకూ మధ్య సన్నటి చీలికలోంచి చల్లదనం దిగుతుంది. ఇంత పనితనమూ చూపించిన ఈ ఇంట్లో మాత్రం, ఏసీ ఒక్కసారైనా వేయకముందే యజమాని దోన్ ఫెర్నాన్ కన్నుమూశాడు.

ఇప్పుడు ఆయన భార్య ఎల్సీ దాన్ని పీకించేస్తానంటోంది. పాపం, ఆవిడ బాధ ఆవిడది. చలిగాలి తగులుతుందన్న భయంతో ఏళ్ళ తరబడి ఏసీ వద్దని మొగుడితో పోరింది. చివరికి ఆయన పట్టుబట్టి పెట్టించినా, ఉక్కలోనే బతికి, మే నెల ఉక్కలోనే పోయాడు. పోయిన రోజు నుంచి ఆవిడ కంట నీటిచుక్క రాలేదు. ఏడిస్తే బాగుండునని ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"అమ్మకి చెప్పకుండా వేసెయ్యి విల్బెర్త్," అంది కూతురు లిహియా వీధి గుమ్మంలోనే. "నాన్న కోసం చేసే తొమ్మిది రోజుల జపానికి ఇవాళ ఆఖరి రోజు. వీధంతా వస్తుంది. అందరి ముందూ ఆపెయ్యమనలేదుగా."

అతను వెనక వసారాలోకి వెళ్ళి మీట నొక్కాడు. హాల్లో జపం మొదలైంది. ఎండలోంచి చెమటలతో వచ్చిన ఆడవాళ్ళు చలి తగలగానే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వేడి ఒంటికి చలిగాలి తగిలితే మూతి వంకరపోతుందని ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు మరి. జపం చెప్పించే లాండీ నోట స్తోత్రం ఆపకుండానే కుర్చీ ఎక్కి, తన శాలువాను ఆ చీలికలో కుక్కేసింది. మిగతావాళ్ళూ తలో శాలువా అందించారు.

హాల్లో దారి మూసుకుపోతే గాలి ఎటు పోతుంది? పక్కనున్న దోన్ ఫెర్నాన్ గదిలోకి పోయింది. ఆ గది ప్లానులో పెద్ద మంచం గీసి ఉండడంతో, పడుకున్న మనిషి మీద గాలి నేరుగా పడకూడదని విల్బెర్త్ అక్కడి చీలికను ఎదుటి మూలకు జరిపాడు. గొప్పిళ్ళ ప్లానుల్లో మంచాలే గీస్తారు. పడుకునేది మాత్రం అందరూ ఊయలలోనే. దోన్ ఫెర్నాన్ నూలు ఊయల సరిగ్గా ఆ మూలనే వేలాడుతోంది.

అది ఊగడం మొదలుపెట్టింది.

"వచ్చాడు," అంది లాండీ, తెరిచిన తలుపులోంచి చూసి.

గదినిండా జనం చేరారు. ఒళ్ళు జలదరించినవాళ్ళు, ఆయన తమ పక్కనుంచి వెళ్ళినందుకే అనుకున్నారు. దోన్యా ఎల్సీ ఊయల ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"ఏమయ్యా, ఇంకా ఉక్కగానే ఉందా నీకు?"

ఊయల ఊగింది. ఆవిడ గొల్లుమంది.

"పాపాలు కడిగే శుద్ధి మంటల్లో ఉన్నాడమ్మా," అంది లాండీ. "కొవ్వొత్తులు వెలిగించండి. త్వరగా గట్టెక్కుతాడు."

గోడ పొడుగునా వెలిగించారు. ఆ వేడికీ, జనం వేడికీ ఏసీ తనంతట తానే జోరు పెంచుకుంది. విల్బెర్త్ దానికి పెట్టిన తెలివి అలాంటిది. ఊయల ఇంకా ఊగింది. మంట పెరుగుతోందని మరిన్ని కొవ్వొత్తులు తెచ్చారు. ఒకామె విసనకర్రతో విసిరింది. ఇంకొకామె ఊయల కింద ఐసు గిన్నె పెట్టి, "బతికుండగా ఈపాటి చల్లదనం ఎరిగాడా ఎల్సీ, మీ ఇంట్లో?" అని దెప్పింది.

ఏడుపులు విని పరుగెత్తుకొచ్చిన విల్బెర్త్‌కు చీలికలోని శాలువాలు చూడగానే అంతా అర్థమైంది. ఏం చేయాలో మాత్రం తోచలేదు. నిజం చెబితే, ఇన్నాళ్ళకు వచ్చిన ఆ ఏడుపు ఆగిపోతుంది. చెప్పకపోతే, మొగుడు మంటల్లో ఉన్నాడని ఆవిడ బతికినన్నాళ్ళూ నమ్ముతుంది. వసారాలోకి వెళ్ళి మీట ఆపేశాడు.

ఊయల నిలిచింది.

"గట్టెక్కాడు," అంది లాండీ. అందరూ కళ్ళు తుడుచుకుని తమాళ్ళ కోసం వంటింటి వైపు నడిచారు.

దోన్యా ఎల్సీ ఒక్కతే మిగిలింది. విల్బెర్త్ ఆవిడ పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మగారూ, అది దోన్ ఫెర్నాన్ కాదు. నేను వేసిన గాలి. ఆయన ఏ మంటల్లోనూ లేడు. రేపే మనుషుల్ని తెచ్చి మొత్తం పీకించేస్తాను."

"తెలుసులేవయ్యా," అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "ఆయన ఊగితే కొక్కేలు కీచుమనేవి. ఎన్నేళ్ళు నా నిద్ర చెడగొట్టాయో నాకు తెలీదూ? ఇవాళ చప్పుడే లేదు."

"మరి తెలిసీ అంతలా ఏడ్చారేం?"

"ఉక్కగా ఉందా అని నేనాయన్ని ఒక్కనాడూ అడగలేదు నాయనా. అడిగితే ఔనంటాడని. ఇవాళ ఖాళీ ఊయలనైనా అడిగాను."

విల్బెర్త్ పనిముట్ల సంచీ అందుకున్నాడు.

"ఎక్కడికి? మళ్ళీ వెయ్యి. ఇందాకటంత జోరు వద్దు. ఆయన కునుకు పట్టేముందు ఊగినట్టు, మెల్లగా."

గాలి కదిలినట్టు తెలియనివ్వకపోవడమే పనితనమని నమ్మిన మనిషి, ఆ మధ్యాహ్నమంతా గోడకు ఆనుకుని గాలిని సవరించాడు. "ఇంకాస్త తగ్గించు," అంది ఆవిడ. తగ్గించాడు. "అంత కాదు." పెంచాడు. మరోసారి సవరించి ఆవిడ వైపు చూస్తే, ఊయల అంచు పట్టుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది.

సంగతి బయటికి పాకడంతో, మరుసటి వారం ఆ వీధి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు తమకూ ఖాళీ ఊయలను ఊపే అలాంటి ఏసీయే కావాలని కబురు పెట్టారు. వాళ్ళలో ఒకావిడ మొగుడు ఇంకా బతికే ఉన్నాడు.