నాలుగో రిలే మధుసూదన్ గారు

2013 జనవరిలో ఒక సోమవారం ప్రవళిక చేయవలసిన పనులు ఇవి. ఏడు గంటల బస్సు సూర్యాపేటలో ఎక్కి కోదాడ చేరడం. బోర్డు వివరాల ఫైలులో మిగిలిన నాలుగు పేర్లు నింపడం. పదకొండుకు కరెంటు పోయేలోపు ఆ ఫైలును మెయిల్లో పంపడం. తిరిగి వచ్చేటప్పుడు నాన్న గొర్రెలకు నట్టల మందు కొనడం. వీటన్నిటిలో పేర్లు నింపడమే తేలిక అనుకుంది.

కోదాడలో సుధాకర్‌ది చిన్న కంపెనీ. ఒకప్పుడు మోటార్లు వైండింగ్ చేసేవాడు. ఇప్పుడు పొలంలోని మోటారును ఇంట్లో నుంచే ఫోనుతో ఆన్ చేసే బోర్డు తయారు చేయిస్తున్నాడు. మోటార్లను కలిపే, ఆపే రిలేలనే స్విచ్చులు దాని మీద నాలుగు. ఆ బోర్డు లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో, దాన్ని ఏమని పిలవాలో ఒక ఫైలులో రాసి, లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను చూసుకునే నిపుణులకు పంపాలి. వాళ్లు ఒప్పుకుంటే అది కెర్నెల్‌లో కలుస్తుంది. నెలాఖరులోగా కలిస్తే ప్రవళికకు ఉద్యోగం ఆర్డర్ కాయితం ఇస్తానని, లేకపోతే ఆర్నెల్ల ట్రైనింగుతో సరి అని సుధాకర్ ముందే చెప్పాడు. ఆత్మకూరులో ఆమె తండ్రి భిక్షపతి ఆ కాయితానికి అప్పుడే ఫ్రేము కట్టించి ఉంచాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే.

"ఏంటమ్మా, ఇంకా పంపలేదా?" అన్నాడు సుధాకర్ టీ గ్లాసుతో వచ్చి.

"నాలుగు రిలేలకు పేర్లు రాస్తున్న సార్. కంపెనీ పేరు ముందల, మోడల్ నంబరు ఎనుక, అది పైన ఒక్కసారే వస్తది, ఇంటిపేరు లెక్క. కింద మాత్రం ఏ వస్తువో అదే పేరు పెట్టాలె."

"తర్వాత మార్చుకోవచ్చుగా?"

"మార్చరాదు సార్. ఒక్కసారి ఎక్కితే ఇగ తియ్యరు. పాత బోర్డులన్నీ ఆ పేరు పట్టుకునే నడుస్తయి గదా."

సుధాకర్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎప్పటికీ తియ్యరా?"

"ఎప్పటికీ."

"ప్రపంచం మొత్తంలోనా?"

"మొత్తంల సార్."

సుధాకర్ చదువుకున్న బడిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు రాసి ఉండేది. ఫ్యాను తిరుగుతున్నంతసేపు ఎవరికీ కనిపించదు. కరెంటు పోయినప్పుడే చదువుకోవాలి. కరెంటు తరచుగా పోయేది కాబట్టి ఆయన దాతలందరినీ కంఠస్థం చేశాడు. తన వాళ్ల పేరు ఒక్క రెక్క మీదైనా చూడాలన్న కోరిక అప్పటిది.

"మొదటి రిలేకి మా అమ్మ పేరు పెట్టు. కృష్ణమ్మ."

"సార్, మనుషుల పేర్లు పెట్టరు."

"బోర్డు ఎవరిది?"

"మీదే సార్."

"మరి?"

ఈ శుభవార్తను ఆయన ఇంటికి ఫోన్ చేసి చెప్పడమే పొరపాటు. అవతల భార్య నాగరాణి. "మీ అమ్మ పేరే ఎక్కుద్దా? మా అమ్మ ఏం పాపం చేసింది?" రెండో రిలే లక్ష్మీనర్సమ్మ అయింది. "నా పేరు నేను నోరు తెరిచి అడగాలా?" మూడోది నాగరాణి అయింది. అంతలో సంగతి తెలిసి మిర్యాలగూడ నుంచి భాగస్వామి శశిధర్ ఫోన్. ఆయనకు అక్కడ రైస్ మిల్లు ఉంది. తండ్రి మధుసూదన్ సహకార సంఘం డైరెక్టరుగా పోటీ చేస్తున్నారు.

"మా నాయిన పేరు లేకుండ బోర్డు ఎట్ల పోతదన్నా? గీ టైంల గిదే కావాలె మాకు!"

మిగిలింది నాలుగో రిలే. ముందుముందు పనికొస్తుందని పెట్టిన దానికి ఇంకా వైరు కూడా తగిలించలేదు. పెద్దవాళ్లు చెప్పింది రాయడమే ప్రవళికకు చిన్నప్పటి నుంచి అలవాటు. నలుగురి పేర్లూ రాసింది. ఒక నియమమైనా నిలబెడదామని, వాడకంలో లేని భాగానికి రాయవలసినట్టుగా మధుసూదన్ పేరు కింద 'డిజేబుల్డ్' అని రాసింది. పదింబావుకు మెయిల్ వెళ్లింది.

మర్నాడే జవాబు వచ్చింది. రాసినవాడు ఏ దేశంవాడో గానీ మర్యాదస్తుడు. ప్రవళిక చదివి చెప్పింది. "కృష్ణమ్మ ఏం పని చేస్తది అని అడుగుతున్నడు సార్."

సుధాకర్ కరిగిపోయాడు. "అడిగాడా! రాయి. నలుగురు పిల్లల్ని పెంచింది. చేతికి మట్టి ఆరకుండా మిరప చేలో..."

"రిలే పని అడుగుతున్నడు సార్. ఇంకోటి. కృష్ణమ్మ, లక్ష్మీనర్సమ్మ ఒక్క తీరుగనే ఉంటే రెండు పేర్లెందుకు, రిలే అనే పేరు ఒక్కటే పెట్టి నంబర్లు ఇయ్యుండ్రి అంటున్నడు."

సుధాకర్ ముందుగా తలుపు వైపు చూశాడు. "ఇద్దరూ ఒకటేనని మాత్రం రాయకమ్మా. మా ఇంట్లో ఇద్దరికీ టీ కూడా వేరే గిన్నెల్లో కాస్తారు."

"మరి నంబర్లు ఇస్తే?"

"ఒకటి ఎవరికి, రెండు ఎవరికి?"

దానికి కెర్నెల్ నియమాల్లో సమాధానం లేదు.

బుధవారం మధ్యాహ్నం శశిధర్ కారు కంపెనీ ముందు వచ్చి ఆగింది. ఆయన సోమవారమే సుధాకర్ దగ్గరి నుంచి ఆ ఫైలు తెప్పించుకుని, ఉన్న పేజీని ఉన్నట్టే ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, పక్కన తండ్రి ఫొటోతో మిల్లు గేటుకు కట్టించాడు. వేములపల్లి నుంచి వడ్లు తెచ్చిన రైతు వెంట ఇంజనీరింగ్ చదివే కూతురు వచ్చింది. ఆ అమ్మాయి ఫ్లెక్సీ మొత్తం చదివి, "మధుసూదన్ డిజేబుల్డ్ అని రాసుందేంది?" అని అడిగింది. అవతలి ప్యానెల్ వాళ్లు ఆ మాటకు తెలుగు అర్థం ఊరూరా చెప్పుకొస్తున్నారు.

"మా నాయిన తెల్లారక ముందే లేసి మిల్లంత తిరుగుతడు! పనిచెయ్యడని రాస్తరా?"

"దానికి వైరు లేదు సార్" అంది ప్రవళిక.

"ఎవరికి వైరు లేదు?"

"రిలేకు సార్."

"నాకవన్నీ తెల్వదు. ప్రపంచమంత సూస్తది, ఎప్పటికీ తియ్యరంట. జర తీసెయ్ బిడ్డా, నీకు పుణ్యముంటది!"

అదే సమయంలో నాగరాణి ఫోన్. జవాబు సంగతి ఆమెకు తెలిసిపోయింది. "మేమంతా ఒక్క తీరుగా ఉంటామా? నంబర్లు వేసి లెక్కపెట్టడానికి మేమేమన్నా బస్తాలమా? ముగ్గురి పేర్లూ పీకెయ్యండి!"

నలుగురి పేర్లు తీసి 'రిలే' అని నంబర్లు వేయడానికి ప్రవళికకు అయిదు నిమిషాలు పట్టింది. మెయిల్లో ఇంకొక ప్రశ్న మిగిలింది. ఈ బోర్డును తయారుచేసినవాళ్లు కాక బయటివాళ్లెవరైనా వాడి చూశారా? చూస్తే వాళ్ల పేరు రాయండి.

"నా పేరు రాయి" అన్నాడు సుధాకర్.

"బయటోళ్లు సార్."

"పోనీ మా నాయిన..." అన్నాడు శశిధర్.

"వాడిండా సార్?"

శశిధర్ గోడ మీది క్యాలెండరు చూడసాగాడు.

గురువారం ప్రవళిక ఆత్మకూరు దాటి తండాకు వెళ్లింది. మొదటి శాంపిల్ బోర్డు పెట్టింది అక్కడే, గేమ్యా అనే ముసలి రైతు పొలంలో. ఆయన మోకాళ్ల లోతు బురదలో నారు పీకుతున్నాడు.

"బోర్డు మంచిగ నడుస్తున్నదా తాతా?"

"నడుస్తది బిడ్డా. ఒకటి నొక్కితే బోరు, రెండు నొక్కితే బాయి మోటరు, మూడు నొక్కితే లైటు. నాలుగు గూడ నొక్కి సూసిన, ఏం గాలే. గది ఉత్తదే."

"ఎప్పుడన్న ఆగిందా?"

"రెండు మాట్ల ఆగింది. ఒకపారి ఉరిమినప్పుడు, ఒకపారి కరెంటు పోయి ఎంటనే వచ్చినప్పుడు. రాస్కో."

ఆమె గట్టు మీద కూర్చుని అన్నీ రాసుకుంది. "నీ పేరు రాయనా తాతా?"

"రాస్కో. యేలిముద్ర కావాల్నా?"

"అవసరం లేదు."

కరెంటు పోయి వెంటనే వస్తే ఆగిపోయే లోపాన్ని ఆ రాత్రి సూర్యాపేటలో కూర్చుని సరిచేసింది. శుక్రవారం ఫైలు మళ్లీ వెళ్లింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. సుధాకర్ మాట మీద నిలబడి ఆర్డర్ కాయితం మీద సంతకం చేశాడు. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఏదీ, చూపించు" అన్నాడు.

ఫైలులో రిలేలు ఉన్నాయి, నంబర్లు ఉన్నాయి. మనిషి పేరు లేదు. ఫైలుతో పాటు శాశ్వతంగా ఉండే చిన్న నోట్‌లో పంపింది ప్రవళిక అని ఉంది. దాని కింద, పరీక్షించింది గేమ్యా అని ఉంది.

"ఇదెవరు?"

"వాడి సూసినాయన సార్. పేరు రాయాలని రూలు."

"తియ్యొచ్చా?"

"తియ్యరాదు సార్. ఎప్పటికీ."

ఆదివారం ప్రవళిక తండాకు వెళ్లి ఈ సంగతి చెబితే గేమ్యా సరేనని తలూపి, నాలుగో నంబరుకు ఏదైనా తగిలించి ఇస్తావా అని అడిగాడు. పాఠకులకు మనవి ఒకటే. దయచేసి గేమ్యాను గుర్తుంచుకోండి. అడిగి పెట్టించుకున్నవాళ్ల పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు.