గీతాచార్యుల గడ్డం

శనివారం పొద్దున్నే కాఫీ తాగుతూ గీతాచార్యులు భార్య ముందు ఒక నక్షా పరిచాడు. అందులో ఉన్నది ఆయన మొహమే. ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి. చెంపల మీద, గడ్డం కింద, గొంతు దగ్గర వెంట్రుకలు ఏ వైపుకు వాలి ఉన్నాయో చూపిస్తూ సన్నటి బాణాలు గీసి ఉన్నాయి. కింద మూలన కొలమానం కూడా వేశాడు.

"ఏమిటిది, కొత్తగా ఎక్కడైనా స్థలం చూశారా?" అంది ఆవిడ ఆశగా.

"నా గడ్డం. తొమ్మిదింటికి వెళ్లి కత్తి కొంటాను. పదింటికి ఇంట్లో ఉంటాను. పదకొండుకల్లా నున్నగా గీసేసుకుని, పన్నెండుకి బావగారు వచ్చేసరికి గుమ్మంలో నిలబడతాను."

"కత్తా? సెలూన్లో ఉంటుందే, ఆ మడత కత్తా? ఇన్నాళ్లూ వాడిన ప్లాస్టిక్ రేజరుకేం రోగం?"

"దాంతో ఎవడైనా గీసుకుంటాడు" అన్నాడు గీతాచార్యులు, తాను ఎవడైనా కానట్టు.

ఆ మాట అనే హక్కు ఆయనకు ఉందనే చెప్పాలి. సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్లుగా నక్షాలు గీసే ఉద్యోగం ఆయనది. ఉత్త చేత్తో ఆయన గీసిన గీతకు స్కేలు ఆనించి చూస్తే స్కేలుదే వంకర అని తేలేదని ఆఫీసులో చెప్పుకునేవారు. అందుకే తోటివాళ్లు గీతాచార్యులని పేరు పెట్టారు. వాళ్లు సరదాకి పెట్టారు, ఈయన బిరుదుగా పుచ్చుకున్నాడు. అయితే కిందటేడు ఆఫీసులోకి కంప్యూటర్లు దిగాయి. మీట నొక్కితే గీత దానంతటదే పడసాగింది. ఆయన పెన్నులు సొరుగులోకి వెళ్లాయి, కుడిచెయ్యి ఒళ్లోకి వచ్చి కూర్చుంది. సాయంత్రాలు ఆ చేతిని చూసుకుంటుంటే పాపం ఏ తప్పూ చెయ్యకుండా సస్పెండైన ఉద్యోగిలా కనిపించేది. గీయడం గీయడమే, కాగితమైతేనేం చెంపైతేనేం అన్న ఆలోచన ఆ దిగులులోంచి పుట్టింది.

కత్తుల దుకాణం నడిపేది కళ్లజోడును తాడుతో మెడలో వేలాడేసుకున్న ఒక పెద్దావిడ. విషయం విని, బల్ల మీద వెల్వెట్ గుడ్డ పరిచి, "మొదటిసారా బాబూ?" అని అడిగింది.

అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ గీతాచార్యుల ఛాతీ ఆయన్ను అడక్కుండానే ముందుకు పొంగింది. "ముప్పై ఏళ్లుగా గీస్తున్నానండీ" అన్నాడు. అది అబద్ధం కాదు. ఏం గీస్తున్నాడో చెప్పలేదంతే.

ఆవిడ వెంటనే చేతిలోని పెట్టె మూసేసింది. "అయితే ఇవి మీకెందుకు? ఇవి కొత్తవాళ్లకి. మొన గుండ్రంగా ఉంటుంది, పొరపాటున తగిలినా గుచ్చుకోదు. పదును కూడా మేమే పెట్టి ఇస్తాం." ఇంకో పెట్టె తీసింది. అందులో కత్తి సన్నగా, మూల చదరంగా, చూస్తేనే గొంతు తడారేలా ఉంది. "దీనికి పదును పెట్టలేదు. మీలాంటి పనివాళ్లు ఇంకొకరు పెట్టిన పదును ఒప్పుకోరుగా?"

"ఛ, ఎలా ఒప్పుకుంటాం?" అన్నాడు గీతాచార్యులు, మూసేసిన పెట్టె వైపు దిగులుగా చూస్తూ.

ఒకసారి పనివాడనిపించుకున్నాక వెనక్కి రావడానికి దారి ఉండదు. సానరాయి కొన్నాడు. కత్తిని నూరాక సాపు చెయ్యడానికి తోలుపట్టీ కొన్నాడు. బ్రష్షు దగ్గర ఆవిడ "మెత్తటి నైలానుదా, పంది వెంట్రుకలదా? ఇది మొదట్లో గరుకుగానే ఉంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది" అంటే, పనివాళ్లు గరుకుదే కొంటారని ఊహించి అదే కొన్నాడు. గిన్నెలో ఇమిడే గుండ్రటి గడ్డం సబ్బు తీసుకున్నాడు. చివరికి ఆవిడ నాలుగు పటిక ముక్కలు పొట్లం కట్టి, పొట్లం మీద 'పటిక, తడిపి రుద్దాలి' అని రాసిచ్చింది. "మీకు గాట్లు పడవనుకోండి. అయినా ఉండనివ్వండి" అంది గౌరవంగా.

పదిన్నరకి వసారాలో కుర్చీ, బల్ల, అద్దం, వేడినీళ్లు అమర్చుకుని నురగ పట్టించాడు. నురగ మాత్రం అద్భుతంగా వచ్చింది. మొహం మీద మేఘం దిగినట్టుంది. కొత్త కత్తికి ఆమాత్రం పదును ఉండకపోతుందా అనుకుని, తెరిచి చెంపకు ఆనించి కిందికి లాగాడు. నురగ లేచింది, గడ్డం లేవలేదు. మళ్లీ లాగాడు. కత్తి దోశెల అట్లకాడలా జారిపోయింది తప్ప ఒక్క వెంట్రుకా తెగలేదు. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

"ఓహోహో! బావగారూ! కత్తే!"

వియ్యంకుడు గంట ముందే దిగిపోయాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మైదానం ఈ చివర నిలబడి ఆ చివరి వరసలో కునుకు తీస్తున్నవాణ్ని లేపగల గొంతు, రెండు వైపులా కొమ్ములు తిరిగిన మీసం ఆయన ఆస్తులు. ఆరు నెలలకోసారి కూతుర్ని చూసే వంకతో వస్తాడు. వచ్చినప్పుడల్లా, తాను ఇటువైపు వాళ్లకంటే ఒక మెట్టు పైనున్నానని చూపించి వెళతాడు. ఆయన అల్లుడు, అంటే గీతాచార్యుల కొడుకు, ఆ వారం ఉద్యోగం పని మీద పొరుగూళ్లో ఉన్నాడు. కూతురు ఆసుపత్రిలో ఆపరేషన్ల వార్డు నర్సు. రెండింటికి గానీ ఆవిడ డ్యూటీ అవదు.

"మాకిది మామూలే బావగారూ" అన్నాడు గీతాచార్యులు నురగలోంచి.

డ్రిల్లు మాస్టారు ఒక్క క్షణం తగ్గాడు. ఆయనకది అలవాటు లేదు. "మా నాన్నగారి దగ్గర ఇలాంటివి ఏడుండేవి. ఆదివారానికొకటి, సోమవారానికొకటి. మేం కత్తుల మధ్యే పెరిగాం."

"అయితే ముందు మీరే కానివ్వండి" అన్నాడు గీతాచార్యులు, దేవుడు కనిపించినంత ఆనందంగా.

"అబ్బే, ఇంటి యజమాని ముందుండగా!"

"అతిథి పక్కనుండగా నేనెలా గీసుకుంటాను?"

"పెద్దవారు మీరు."

"నాలుగు నెలలు మీరే పెద్ద. పెళ్లినాడు లెక్క తేల్చాంగా!"

ఇలా మర్యాదలు జరుగుతుండగా నురగ ఎండిపోయింది. మళ్లీ పట్టించాడు. మళ్లీ ఎండింది. మూడోసారికి వంటింట్లోంచి భార్య కేక పెట్టింది. "అంత ఇదైతే ఒకరిది ఒకరు గీసుకోండి! గడ్డాలయ్యాకే అన్నాలు."

ఆవిడ విసుక్కుంది. కానీ డ్రిల్లు మాస్టారికి అందులో ఒక సందు కనిపించింది. కత్తి పట్టుకోవడం కంటే కుర్చీలో కూర్చోవడం తేలిక కదా! పైగా బావగారు పనివాడు. "బాగా చెప్పారు చెల్లెమ్మా! బావగారూ, నా గడ్డం మీది. మీ పనితనం చూస్తాను!"

గీతాచార్యులు కత్తిని మడిచేశాడు. "కానీ... ముందు పదును పెట్టాలి" అన్నాడు.

"ఎంతసేపు?"

"పని పనిలా జరగాలిగా బావగారూ."

పెరట్లోకి పారిపోయి రాతి మీద నీళ్లు చల్లాడు. ఈలోగా ఏదో ఒకటి జరక్కపోతుందా అని, ఊరికే ఉండలేక కత్తి వెన్నూ అంచూ రాతికి ఆనించి మెల్లగా తోశాడు. తిప్పాడు. తోశాడు. పదో తోపుకి భుజం సడలింది. ఇరవయ్యో తోపుకి ఊపిరి నెమ్మదించింది. అంచు రాతి మీద ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ వెంట్రుకవాసి లేస్తోందో చేతికి తెలుస్తోంది. కలం కాగితాన్ని తాకినప్పుడు తెలిసేదే అది. ఏడాదిగా ఒళ్లో పడుకున్న చెయ్యి లేచి కూర్చుంది. తరవాత తోలుపట్టీని గడియకు తగిలించి, ఈసారి వెన్ను ముందుండేలా కత్తిని అటూ ఇటూ సాపు చేశాడు. దేనికోసం పారిపోయి వచ్చాడో మరిచిపోయాడు. అలా రెండు గంటలు గడిచాయి. ముంజేతి మీద ఒక వెంట్రుకకు అంచు చూపిస్తే, అది చెప్పకుండానే రాలిపోయింది.

వసారాలో డ్రిల్లు మాస్టారికి ఆకలి మండిపోతోంది. ఆయనకు షుగరు. కూతురు తీపి వస్తువుల మీద నిషేధం పెట్టింది. బల్ల మీద ఒక పొట్లం కనిపించింది. దాని మీది రాతలో సగం నురగ పడి చెరిగిపోయి, 'పటిక' అన్న మూడక్షరాలే మిగిలాయి. 'బెల్లం' అన్న తక్కిన రెండూ ఆయన నాలుకే పూరించింది. అటూ ఇటూ చూసి, ఒక పెద్ద ముక్క గబుక్కున నోట్లో వేసుకుని చప్పరించాడు.

ముందు పెదవులు ముడుచుకున్నాయి. తరవాత బుగ్గలు లోపలికి పోయాయి. నాలుక బిరుసెక్కి అంగిలికి అతుక్కుంది. ముక్కను రుమాల్లోకి ఊసి, మూట కట్టి జేబులో దాచాడు. మంచినీళ్లడుగుదామంటే గొంతు లేవలేదు. అడిగినా ఏమైందని చెప్పాలి?

అప్పుడే గీతాచార్యులు కత్తి పట్టుకుని వచ్చాడు. పదును చూసుకున్న గర్వం మొహం మీద ఇంకా ఆరలేదు. "మొదలుపెట్టమంటారా బావగారూ?"

"ఊఁ... ఊఁ..." అన్నాడు డ్రిల్లు మాస్టారు తల అడ్డంగా ఊపుతూ. గీతాచార్యులకు ఆ 'ఊఁ' మాత్రమే వినిపించింది. మనిషి ఎంత నమ్మకంతో ఉన్నాడో అనుకుని కూర్చోబెట్టాడు, తువ్వాలు కట్టాడు, నురగ పట్టించాడు. కత్తి ఎత్తాడు.

చెంప దగ్గరికి తెచ్చేసరికి ఒకటి అర్థమైంది. కాగితం ఊపిరి పీల్చదు, చెంప పీలుస్తుంది. కాగితం గుటకలు మింగదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి, ఎక్కడ మొదలుపెట్టాలో తేలక ఆ చెయ్యి చెంప పక్కనే ఆగిపోయింది. అది చూసిన డ్రిల్లు మాస్టారు ఉన్న శక్తినంతా కూడదీసుకుని 'వద్దు' అని అరవబోయాడు. మాట రాలేదు, మూతి మాత్రం పక్కకు కదిలింది. కత్తి కదల్లేదు. మీసమే వెళ్లి దానికి తగిలింది. కుడివైపు కొమ్ము అంగుళం మేర తెగి, చప్పుడు చెయ్యకుండా తువ్వాలు మీద వాలింది.

ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

"మామయ్యా, కదలకండి. నాన్నా, నువ్వూ."

గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. డ్యూటీ దిగి అదే రావడం. సంచి కింద పెట్టి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, మామగారి చేతిలోంచి కత్తిని పువ్వు తీసినట్టు తీసుకుంది. "మా వార్డులో ఆపరేషన్‌కి ముందు రోజూ పదిమందికి నున్నగా గీస్తాను. కత్తి వేరుగానీ వాలు ఒకటే" అంటూ ఎడమచేత్తో తండ్రి చర్మాన్ని బిగలాగి, చిన్నచిన్నగా గీసుకుంటూ పోయింది. మధ్యలో ఆగి అంచు చూసింది.

"ఈ పదును ఎవరు పెట్టారు?"

గీతాచార్యులు మీసం ముక్క వైపు చూసి తల దించుకున్నాడు. "నేనేనమ్మా."

"మా ఆపరేషన్ థియేటర్లో కూడా ఇంత పదును చూళ్లేదు మామయ్యా. వెంట్రుక తెగుతున్నట్టే తెలియట్లేదు."

గీతాచార్యులు తల ఎత్తాడు. ఆ తరవాత చాలాసేపు దించలేదు.

మీసం రెండో కొమ్మును కూడా కోడలే సరిసమానంగా కత్తిరించి, "అత్తయ్యా, పటిక ఇలా ఇవ్వండి" అంది.

అత్తగారు పొట్లం విప్పి లెక్క పెట్టింది. "నాలుగుండాలని బిల్లులో ఉంది, మూడే ఉన్నాయేమే?"

డ్రిల్లు మాస్టారు జేబులోంచి మెల్లగా రుమాలు తీసి, మూట విప్పి, చప్పరించిన పటిక ముక్కను కూతురి చేతిలో పెట్టాడు.

"నాన్నా!"

"బెల్లం అనుకున్నానే తల్లీ" అన్నాడాయన. గొంతు తిరిగి వచ్చింది గానీ సైజు తగ్గింది. "ఇంకోటి కూడా చెప్పేస్తా. మా నాన్నగారికి ఏడు కత్తులుండేవన్నది నిజం. వాటిలో ఒక్కటీ నన్ను ముట్టుకోనివ్వలేదన్నదీ నిజమే."

గీతాచార్యులు ఊపిరి పీల్చుకుని కుర్చీ లాక్కున్నాడు. "నేనూ ఇవాళే మొదలుపెట్టాను బావగారూ. నన్ను పనివాడనుకుంటే ఎంత బాగుందో, కాదనలేకపోయాను."

కోడలు కత్తిని స్పిరిటుతో తుడిచి, మరిగే నీళ్లలో ముంచి తీసి, మామగారి గడ్డం కూడా గీసింది. వియ్యంకులిద్దరూ అద్దం ముందు పక్కపక్కన నిలబడ్డారు. బుగ్గలు గాజులా మెరుస్తున్నాయి. పొట్టి మీసంతో డ్రిల్లు మాస్టారు పదేళ్లు వెనక్కి వెళ్లాడు. ఆ సంగతి ఆయనే అందరికంటే ముందు గమనించాడు. ఫొటో తీయించుకుని భార్యకు పంపితే ఆవిడ, "ఇరవై ఏళ్ల నుంచి కత్తిరించమంటున్నాను. ఆ చేతికి దణ్ణం" అని జవాబిచ్చింది.

"చూశారా బావగారూ మా అమ్మాయి చెయ్యి!" అన్నాడు డ్రిల్లు మాస్టారు, గొంతు సైజు కూడా తిరిగి రాగా.

"మా కోడలి చెయ్యి బావగారూ. మీరు కన్నారు సరే, కత్తి మాత్రం మా ఇంట్లో పట్టింది."

"నేర్పు మా వైపుది."

"పదును మా వైపుది!"

"అన్నం ఎవరి వైపుదైతేనేం, చల్లారిపోతోంది రండి" అంది అత్తగారు, కోడల్ని ముందు కూర్చోబెట్టి వడ్డిస్తూ. ఆ మధ్యాహ్నం కోడలి గురించి ఇద్దరు తండ్రులు పోటీపడి ఎన్ని గొప్పలు చెప్పారంటే, ఆ పిల్ల సిగ్గుతో రెండోసారి కూర వేయించుకోవడం కూడా మరిచిపోయింది.

సాయంత్రం అత్తగారు తన కత్తెర, కూరల కత్తి తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మర్నాడు పక్కింటి టైలరు మూడు కత్తెరలు తెచ్చాడు. వారం తిరిగేసరికి వీధి చివరి సెలూన్ ఆయన తన కత్తులన్నీ గుడ్డలో చుట్టుకుని వచ్చి, "మీ చేతి పదును కావాలండీ" అన్నాడు. గీతాచార్యులు ఒక్కొక్కదాన్నీ వెలుతురులో పెట్టి చూసి, సొరుగులోంచి పాత కలం తీసి, ఎవరిది ఏదో చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆఫీసు నుంచి రాగానే ఆయన కుడిచెయ్యి చొక్కా మడుచుకుని నేరుగా పెరట్లోకే వెళుతోంది. కొత్తగా కత్తి కొనాలనుకునే కుర్రకారు కూడా ఆయన్నే సలహా అడుగుతున్నారు. ఆయన గుండ్రటి మొనదే కొనమని, చెంపలతో మొదలుపెట్టి గొంతు జోలికి నెల తరవాతే వెళ్లమని గంటసేపు విడమరిచి చెబుతున్నాడు.

ఇంతకీ ఆయన ఆ కత్తితో తన గడ్డం తాను గీసుకోవడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.